తల్లిపాలు, పోతపాలు, పసిబిడ్డ నెత్తురులో ఇనుము

ఈసారి గోడపత్రికకు కథో కవితో కాకుండా, మీ సబ్జెక్టులో చదివిన పాఠం ఒకటి తెలుగులో రాయమని మేడం అన్నారు. నేను చదివేది హోమ్ సైన్సు, భాషా పేపరు తెలుగు. మన రాజపాళయంలో చాలామంది పరిస్థితి నాదే. క్లాసులో ఇంగ్లీషు, బజార్లో తమిళం, ఇంట్లో మాత్రం తాతముత్తాతల నాటి తెలుగు. పసిబిడ్డల పోషణ గురించి పాఠం చదువుతున్నప్పుడు నాకు ఒకటి తోచింది. ఈ విషయాన్ని ఇంగ్లీషులో పరీక్ష రాయగలను కానీ, ఇంట్లో బిడ్డను ఒళ్ళో పెట్టుకున్న అక్కకు తెలుగులో చెప్పమంటే మాట తడుముకుంటాను. అందుకే ఈ వ్యాసం.

ముందు మాటలు చూద్దాం. తెలుగులో పోతపాలు అని ఒక మంచి మాట ఉంది. తల్లి రొమ్ము నుంచి కాక గిన్నెతోనో సీసాతోనో బిడ్డ నోట్లో పోసే పాలన్నీ పోతపాలే. ఆవుపాలు, గేదెపాలు, మేకపాలు, డబ్బాపాలు అన్నీ అందులోకే వస్తాయి. కాన్పయిన మొదటి రెండు మూడు రోజులు వచ్చే చిక్కని పసుపు పాలు ముర్రుపాలు. ఆ తరవాత అన్నం మెత్తగా చేసి పెట్టేది ఉగ్గు. తిన్నది శరీరానికి అందడాన్ని మనవాళ్ళు ఒంట పట్టడం అంటారు. ఈ వ్యాసంలో ముఖ్యమైన మాట ఇదే. ఇనుము తిండిలో ఎంత ఉందనేది ఒక లెక్క, ఎంత ఒంట పట్టిందనేది వేరే లెక్క. ఈ రెండిటినీ కలిపేయడం వల్లే సగం గందరగోళం పుడుతుంది.

రక్తహీనత ఎంతమంది పిల్లల్లో ఉంది? 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల్లో దేశం మొత్తం మీద 67.1 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. తమిళనాడులో 57.4 శాతం. అంటే మనం దేశం కంటే మెరుగే, కానీ సగం మంది కంటే ఎక్కువే. డెసీలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తక్కువుంటే ఆ సర్వేలో రక్తహీనత కింద లెక్క. ఒక మాట చెప్పాలి. ఆ సర్వేలో వేలికొసనో మడమనో పొడిచి తీసిన చుక్క రక్తంతో పరీక్ష చేస్తారు. 2016–18లో జరిగిన జాతీయ సమగ్ర పోషణ సర్వేలో సిర నుంచి రక్తం తీసి చూశారు. అందులో ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల్లో రక్తహీనత 41 శాతం, ఇనుము లోపం 32 శాతం వచ్చింది. కొలిచే పద్ధతి మారితే అంకె మారుతుంది. ఏ అంకె తీసుకున్నా, అంగన్‌వాడీలో కూర్చున్న పదిమంది పిల్లల్లో కనీసం ముగ్గురు నలుగురి సంగతి ఇది.

రక్తహీనత అంతా ఇనుము లోపమే కాదు. ఫోలిక్ ఆమ్లం తక్కువైనా, బి12 తక్కువైనా, నులిపురుగులున్నా, తలసీమియా లాంటి వంశపారంపర్య దోషమున్నా రక్తం తగ్గుతుంది. కానీ పసిపిల్లల్లో అన్నిటికన్నా తరచుగా కనబడే కారణం ఇనుము. ఇనుము పని ప్రాణవాయువును మోయడంతో ఆగదు. మొదటి రెండేళ్ళలో మెదడు శరవేగంగా పెరిగేటప్పుడు దానికీ ఇనుము కావాలి. బెట్సీ లోజాఫ్ అనే అమెరికా శిశువైద్యురాలు కోస్టా రికా దేశంలో కొందరు పిల్లలను పసితనం నుంచి గమనించారు. పసితనంలో బాగా ఇనుము లోపించిన పిల్లలకు మందిచ్చి రక్తం సరిచేసినా, అయిదేళ్ళ వయసులో వాళ్ళు ఈడు పిల్లల కంటే పరీక్షల్లో వెనకబడే ఉన్నారని 1991లో ప్రచురించారు. రక్తం తిరిగి వచ్చింది, గడిచిపోయిన నెలలు తిరిగి రాలేదు. 'తర్వాత టానిక్కు పోద్దాంలే' అనే మాటకు ఇది చదివాక నా దగ్గర ఓపిక తగ్గింది.

ఇక బిడ్డకు ఇనుము ఎక్కణ్ణుంచి వస్తుందో చూద్దాం. నెలలు నిండి పుట్టిన బిడ్డ ఒంట్లో కిలో బరువుకు దాదాపు 75 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. మూడు కిలోల బిడ్డకు 225 మిల్లీగ్రాములు. ఇది తల్లి కడుపులో ఉన్నప్పుడే, ఎక్కువ భాగం చివరి మూడు నెలల్లోనే వచ్చి చేరుతుంది. అత్తవారింటికి పోయే పిల్లకు పుట్టింటివాళ్ళు పెట్టి పంపే సారె లాంటిది ఇది. కొన్నాళ్ళు దానితోనే సంసారం నడుస్తుంది. ఈ సారె నాలుగు నుంచి ఆరు నెలలు వస్తుంది. నెలలు తక్కువై పుట్టిన బిడ్డకు, బరువు తక్కువున్న బిడ్డకు సారే తక్కువ. వాళ్ళకు రెండు మూడు నెలలకే అడుగంటిపోతుంది. అలాంటి బిడ్డలకు ఏ పాలు పోసినా డాక్టరు సలహాతో ఇనుము చుక్కలు ముందుగానే మొదలుపెట్టాల్సి వస్తుంది.

పుట్టిన క్షణంలో చేసే చిన్న పని ఒకటి ఈ సారెను పెంచుతుంది. బొడ్డుతాడును వెంటనే బిగించకుండా కనీసం ఒక నిమిషం ఆగితే, మావిలో ఉన్న బిడ్డ రక్తం బిడ్డలోకే వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా కూడా ఇదే. దీనికి డబ్బు అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు, నిమిషం ఓపిక చాలు.

ఇప్పుడు పాల లెక్క. తల్లిపాలలో లీటరుకు ఇనుము సుమారు 0.35 మిల్లీగ్రాములు మాత్రమే. రోజుకు ముప్పావు లీటరు పైన, అంటే 780 మిల్లీలీటర్లు తాగే బిడ్డకు అందేది 0.27 మిల్లీగ్రాములు. చాలా తక్కువ అనిపిస్తుంది. కానీ అందులో సగం దాకా ఒంట పడుతుందని పాత పరిశోధనలు చెప్పాయి. తర్వాతి కొలతల్లో అంతకంటే తక్కువా వచ్చింది. సగమే అనుకుందాం, 0.14 వచ్చింది. మొదటి ఆరు నెలలు సారె ఉంది కాబట్టి ఇది సరిపోతుంది. ఆరు నెలల తర్వాత బిడ్డకు రోజుకు ఒంట పట్టాల్సిన ఇనుము సుమారు 0.7 మిల్లీగ్రాములు. అప్పటికి బిడ్డ బరువు రెట్టింపు దాటింది, ఏడాదికి మూడింతలవుతుంది. బరువుతో పాటు రక్తమూ పెరగాలి. 0.14 ఎక్కడ, 0.7 ఎక్కడ? ఈ తేడాను ఏ తల్లిపాలూ పూడ్చలేవు. తల్లి ఎంత ఆరోగ్యంగా ఉన్నా పూడ్చలేవు.

ఇక్కడే మా పాఠంలో నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటి ఉంది. తల్లికి రక్తహీనత ఉన్నా ఆమె పాలలో ఇనుము పెద్దగా తగ్గదు. తల్లి ఇనుము మాత్రలు వేసుకున్నా పాలలో ఇనుము పెద్దగా పెరగదు. దీన్నిబట్టి రెండు విషయాలు తేలతాయి. 'నీకే రక్తం లేదు, నీ పాలలో ఏముంటుంది, డబ్బాపాలు పట్టు' అని బాలింతతో అనే మాటకు ఆధారం లేదు. అలాగే, బాలింతకు మునగాకు పెడితే బిడ్డకు ఇనుము చేరుతుందనుకోవడానికీ లేదు. మునగాకు తల్లి కోసం పెట్టాలి, తల్లి మాత్రలు తల్లి కోసమే వేసుకోవాలి. తమిళనాడులో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 53.4 శాతానికి రక్తహీనత అని అదే సర్వే చెప్పింది. బిడ్డకు మేలు కాకపోతే తల్లి రక్తం గురించి ఎవరూ మాట్లాడరు, అది నాకు నచ్చదు.

ఆవుపాల లెక్క ఇంకా చిత్రమైనది. లీటరు ఆవుపాలలో ఇనుము సుమారు 0.5 మిల్లీగ్రాములు, అంటే తల్లిపాల కంటే కొంచెం ఎక్కువే. కానీ ఒంట పట్టేది అందులో పదో వంతు. అర లీటరు తాగితే 0.025 దక్కుతుంది. తల్లిపాలతో వచ్చిన 0.14లో ఇది అయిదో వంతు కూడా కాదు. ఆవుపాలలోని కాల్షియమూ, కేసీన్ అనే మాంసకృత్తూ ఇనుమును పట్టనివ్వవు. వేరే తిండిలో ఇనుమున్నా దానికీ అడ్డుపడతాయి. ఏడాది లోపు కొందరు బిడ్డల్లో ఆవుపాల వల్ల పేగు లోపలి పొర నుంచి కంటికి కనపడనంత రక్తం రోజూ కొంచెం కొంచెంగా పోతుంది. రక్తంతో పాటు ఇనుమూ పోతుంది. వచ్చేది తక్కువ, పోయేది ఎక్కువ. గేదెపాలు చిక్కగా ఉంటాయి గానీ ఇనుము విషయంలో ఇదే దారి.

పైగా ఆవుపాలు కడుపు నింపుతాయి. రోజుకు ముప్పావు లీటరు పాలు తాగిన బిడ్డ ఉగ్గు ముట్టదు. బుగ్గలు నిండుగా, ఒళ్ళు తెల్లగా ఉంటుంది. చూసినవాళ్ళు 'బిడ్డ ఎంత తెల్లగా ఉందో' అని దిష్టి తీస్తారు. ఆ తెలుపు రక్తం లేని తెలుపని ఎవరికీ తట్టదు. అరచేయి, కింది రెప్ప లోపలి భాగం ఎర్రగా ఉందో లేదో చూస్తే తెలుస్తుంది.

దీన్ని మొదట పద్ధతిగా పట్టుకున్న వాళ్ళలో ఒకావిడ పేరు మన కాలేజీ గోడ మీద ఉండాలి. హెలెన్ మెకే. లండన్ తూర్పు భాగంలో పేదపిల్లల ఆసుపత్రిలో వైద్యురాలు. 1920లలో అక్కడి పసిపిల్లల రక్తం వరసగా పరీక్షించి, పోతపాల మీద పెరిగే బిడ్డల్లో రక్తహీనత తల్లిపాల బిడ్డల్లో కంటే ఎక్కువగా ఉందని, పాలపొడిలో ఇనుము కలిపి ఇస్తే అది తగ్గుతోందని చూపించారు. అప్పటిదాకా బిడ్డ పాలిపోవడం మామూలే అనుకునేవాళ్ళు. ఆమె నివేదిక 1931లో అచ్చయింది. 1934లో లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ తన ఫెలోగా ఎన్నుకున్న మొదటి స్త్రీ ఆమే. పాలడబ్బాల కంపెనీలు తర్వాత పాలపొడిలో ఇనుము కలపడానికి వెనక ఇలాంటి పరిశోధనలున్నాయి.

డబ్బాపాల సంగతి దాచకుండా చెప్పాలి. ఇనుము కలిపిన డబ్బాపాలలో లీటరుకు 4 నుంచి 12 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. ఒంట పట్టేది పదో వంతో అంతకంటే తక్కువో అయినా, మొదటి అంకె పెద్దది కాబట్టి మొత్తం సరిపోతుంది. అందుకే ఒక్క ఇనుము మాత్రమే చూస్తే, ఏడెనిమిది నెలల దాకా వేరే తిండి లేకుండా తల్లిపాలే తాగిన బిడ్డ కంటే డబ్బాపాల బిడ్డ రక్తం మెరుగ్గా కనబడవచ్చు. ఈ మాట చదివి 'చూశావా, డబ్బాయే మేలు' అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళు చూడని లెక్కలు ఉన్నాయి. పొడి ధర చూసి ఒక డబ్బాను రెండు వారాలు సాగదీయడానికి నీళ్ళు ఎక్కువ కలుపుతారు, అప్పుడు ఇనుమూ పలచనే, బలమూ పలచనే. నీళ్ళు కాచలేదు, సీసా సరిగ్గా కడగలేదు అంటే విరేచనాలు. తల్లిపాలలోని రోగనిరోధక పదార్థాలు ఏ డబ్బాలోనూ లేవు. ఇనుము తక్కువైతే చుక్కలు వేసి సరిచేయవచ్చు, తల్లిపాలకు బదులు వేసే చుక్కలు లేవు.

మన దేశంలో 1992లో వచ్చిన చట్టం ప్రకారం పసిపిల్లల పాలపొడికి, పాలసీసాలకు ప్రకటనలు వేయకూడదు, ఉచితంగా శాంపిళ్ళు పంచకూడదు. 2003లో సవరించి దాన్ని ఇంకా బిగించారు. డబ్బా మీద బిడ్డ బొమ్మ కూడా ఉండకూడదు. ఈసారి మందుల షాపుకు వెళ్ళినప్పుడు డబ్బా తిప్పి చూడండి, తల్లిపాలే బిడ్డకు ఉత్తమం అన్న అర్థంతో హెచ్చరిక రాసి ఉంటుంది.

మేకపాల గురించి ఒక పేరా పక్కకు పోతాను, ఇందులో తెలుగువాడి కథ ఉంది కాబట్టి. మేకపాలు తేలిక, మందులాంటివి అని పల్లెల్లో పసిపిల్లలకు పడతారు. వాటిలో ఇనుమూ తక్కువే, ఫోలిక్ ఆమ్లం ఇంకా తక్కువ. అవే పాల మీద పెరిగితే వేరే రకం రక్తహీనత వస్తుంది. ఆ రకం రక్తహీనతను లూసీ విల్స్ అనే బ్రిటిష్ వైద్యురాలు 1928లో బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో పరిశీలించారు. ఈస్టు సారంతో అది నయమవుతోందని 1931లో ప్రకటించారు. ఆ సారంలోని గుణం ఫోలిక్ ఆమ్లమని తర్వాత తేలింది. దాన్ని 1945లో ప్రయోగశాలలో తయారు చేసిన అమెరికా లెడర్లీ సంస్థ బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టి మద్రాసులో వైద్యం చదివిన యల్లాప్రగడ సుబ్బారావు. ఈనాడు అంగన్‌వాడీలో బిడ్డకు పోసే సిరప్పులో ఇనుముతో పాటు ఉండేది ఈ ఫోలిక్ ఆమ్లమే. మిల్లులున్న ఊళ్ళో పుట్టిన మనకు ఈ కథలో రెండు చుట్టరికాలున్నాయి.

మిల్లు అంటే మా ఇంటి సంగతే గుర్తొస్తుంది. 1936లో రాజపాళయం మిల్స్ వచ్చినప్పటి నుంచి ఈ ఊరి బతుకు నూలుతో ముడిపడింది. పక్కన సత్రపట్టిలో ఆసుపత్రి బ్యాండేజీ బట్ట నేస్తారు. మా పెద్దమ్మ కూతురు ఒక స్పిన్నింగు మిల్లులో కాంట్రాక్టు మీద పని చేస్తుంది. ఏ మిల్లో రాయను. ప్రసూతి సెలవు చట్టాన్ని 2017లో సవరించి మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవిచ్చారు. 26 వారాలంటే సరిగ్గా ఆరు నెలలు. యాభై మందికి పైగా పనిచేసేచోట పిల్లల్ని చూసుకునే గది కూడా ఉండాలన్నారు. అక్కకు ఆ సెలవు దొరకలేదు. మూడో నెలలో షిఫ్టుకు వెళ్ళింది. ఇంట్లో పెద్దమ్మ ఆవుపాలు పట్టింది, సగం నీళ్ళు కలిపి. ఎనిమిదో నెల దాకా అవే, మధ్యలో టీలో ముంచిన బిస్కెట్టు.

పదో నెలలో పిల్ల గోడ సున్నం గీరి తినడం మొదలుపెట్టింది. పెద్దమ్మ నవ్వుతూ 'కృష్ణయ్య మన్ను తిన్నట్టు' అంది. భాగవతంలో యశోద బిడ్డ నోరు తెరిపిస్తే పద్నాలుగు లోకాలూ కనబడ్డాయి. మామూలు ఇళ్ళలో నోరు తెరిపిస్తే పాలిపోయిన నాలుక కనబడుతుంది. మన్ను, సున్నం, బియ్యం, బలపం తినాలనిపించడం ఇనుము లోపానికి గుర్తుల్లో ఒకటి. ప్రతి పిల్లా నోట్లో ఏదో ఒకటి పెట్టుకుంటుంది, నిజమే. కానీ వెతుక్కుని మరీ, రోజూ తింటుంటే మాత్రం రక్తం చూపించాలి. చూపించాం, హిమోగ్లోబిన్ 7.9 వచ్చింది. పెద్దమ్మ నమ్మలేదు. 'రోజుకు ముప్పావు లీటరు పాలు తాగే పిల్లకు రక్తం లేకపోవడమేంటే?' అంది. పైన రాసిన లెక్క ఆమెకు తెలుగులో చెప్పాల్సిన పని అప్పుడు నా మీద పడింది. అంకెలేవీ పనిచేయలేదు. 'పాలు తెలుపు, నెత్తురు ఎరుపు, పాలలో ఎరుపు లేదు పెద్దమ్మా' అంటే ఒప్పుకుంది. శాస్త్రం దృష్టిలో ఇది తప్పు వివరణ. అయినా ఆ పూట పాలు సగానికి తగ్గాయి.

అక్కకు మరో దారి ఉండేదా? పాలు పిండి ఉంచిపోవచ్చు. శుభ్రంగా కడిగిన గిన్నెలో పిండిన తల్లిపాలు మామూలు గది వేడిలో నాలుగు గంటల దాకా నిలవుంటాయి, మన చిత్తిర ఎండల్లో అంతకంటే తక్కువ. ఫ్రిజ్జులో అయితే నాలుగు రోజులు. కానీ షిఫ్టులో రొమ్ములు బిగుసుకుపోతే పిండుకోవడానికి గది కావాలి, పది నిమిషాల విరామం కావాలి. 2015లో తమిళనాడు ప్రభుత్వం బస్‌స్టాండ్లలో పాలిచ్చే తల్లులకు గదులు కట్టించింది. బస్‌స్టాండుకు వచ్చిన మర్యాద అన్ని పనిచోట్లకూ రాలేదు.

పిండిన పాలైనా, తప్పక పోసే వేరే పాలైనా సీసా వద్దు. మన అవ్వల కాలంలో ముక్కున్న చిన్న ఉగ్గుగిన్నె ఉండేది. ఇక్కడ దాన్నే పాలాడై అంటాం. దేశమంతటా నవజాత శిశువుల వార్డుల్లో నర్సులు ఇప్పటికీ దానితోనే పాలు పోస్తారు, ఇంగ్లీషు వైద్య పుస్తకాల్లో కూడా ఆ తమిళ మాటే ఉంది. మూలలు లేవు, రబ్బరు లేదు, ఒక్కసారి కాచిన నీళ్ళలో వేస్తే చాలు.

ఆరు నెలలు నిండాక ఏం చేయాలన్నదే అసలు విషయం. తల్లిపాలా, డబ్బాపాలా అని మనం కొట్టుకునే వాదం మొదటి ఆరు నెలలది. ఇనుము తగ్గేది తర్వాత. నా ఉద్దేశంలో మన ఇళ్ళలో పొరపాటు ఎక్కువగా జరిగేది ఈ రెండో సగంలోనే. దీనికి మన పెద్దవాళ్ళు ఒక పండగే పెట్టారు, అన్నప్రాశన. మగబిడ్డకు ఆరో నెలో ఎనిమిదో నెలో, ఆడబిడ్డకు అయిదో నెలో ఏడో నెలో అని సరి బేసి లెక్క ఉంది. ఇనుము సారెకు ఆ లెక్క తెలియదు. కొన్ని పరిశోధనల్లో మగబిడ్డల్లోనే ఇనుము లోపం ఎక్కువగా కనబడింది కూడా, వాళ్ళను ఎనిమిదో నెల దాకా ఆపడం ఏమీ మంచిది కాదు. అంతకంటే పెద్ద చిక్కు, అన్నప్రాశన రోజు బంగారు ఉంగరంతో పాయసం నాకించి, ఫోటో తీసి, మర్నాటి నుంచి మళ్ళీ పాలే. పళ్ళు రానిదే అన్నం అరగదంటారు. మెత్తగా మెదిపిన తిండికి పళ్ళతో పని లేదు.

ఏం పెట్టాలి అంటే అందరూ రాగి అంటారు. వంద గ్రాముల రాగుల్లో నాలుగున్నర మిల్లీగ్రాముల ఇనుము ఉంది. బిడ్డ తినే పిండి పూటకు ఇరవై గ్రాములు. అంటే 0.9 మిల్లీగ్రాములు, అందులో ఒంట పట్టేది ఇరవయ్యో వంతు అనుకుంటే 0.045. గింజల్లోని ఫైటేట్ అనే పదార్థం ఇనుమును పట్టి ఉంచేస్తుంది. కాబట్టి రాగి జావ ఒక్కటే రక్తం పెంచదు. అయినా రాగిని వదలమని నేను చెప్పను. నానబెట్టి, తడిబట్టలో మూటకట్టి మొలకెత్తించి, ఆరబెట్టి, దోరగా వేయించి పిండి కొడితే ఫైటేట్ తగ్గుతుంది. అవ్వలు చేసే ఆ పాత పద్ధతి వెనక ఈ లాభం ఉంది. అంగన్‌వాడీలో ఇచ్చే సత్తుమావును కూడా జావలా పలచగా కాకుండా, గరిటె వంచితే జారిపోనంత చిక్కగా వండాలి. నీళ్ళ జావతో కడుపు నిండుతుంది, బిడ్డ నిండదు.

పులుపు తోడైతే శాకాహారపు ఇనుము రెండు మూడింతలు ఒంట పడుతుంది. మెదిపిన పప్పులో నాలుగు చుక్కల నిమ్మరసం, తిండి తర్వాత మెత్తని జామ గుజ్జు, ఇవి ఖర్చు లేనివి. టీ, కాఫీ సరిగ్గా దీనికి ఎదురు. పసిపిల్లకు ఒక గుక్క కూడా వద్దు. మాంసం తినే ఇళ్ళకు ఇంకా సులువు. మాంసంలోని ఇనుము నాలుగో వంతు దాకా ఒంట పడుతుంది, పక్కనున్న పప్పులోని ఇనుమును కూడా తోడు తీసుకుపోతుంది. రాజపాళయం రాజుల ఇళ్ళలో ఆదివారం మాంసం ఉడకని వంటిల్లు వెతకాలి. కానీ బిడ్డ గిన్నెలోకి ఆ కూరలోంచి పులుసు మాత్రమే వస్తుంది. ఇనుము పులుసులో ఉండదు, ముక్కలో ఉంటుంది. మసాలా కారం వేయకముందే ఉడికిన కార్జం ముక్క, మనం ఈరల్ అంటాం, అది తీసి మెత్తగా నూరి అన్నంలో కలిపితే ఏడు నెలల బిడ్డ తింటుంది. వారానికి ఒకసారి కొంచెమే చాలు, అందులో విటమిన్ ఎ చాలా ఎక్కువ కాబట్టి.

ఇంత చేసినా లెక్క అందకపోవచ్చు. అందుకే 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమంలో ఆరు నెలల నుంచి అయిదేళ్ళ దాకా వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు సిరప్పు ఇస్తారు. మిల్లీలీటరులో 20 మిల్లీగ్రాముల ఇనుము, 100 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం. సీసాలు ఇంటింటికీ వస్తాయి, చాలా ఇళ్ళలో అలమారలోనే ఉంటాయి. మలం నల్లగా వచ్చిందని భయపడి ఆపేస్తారు. నల్లగా రావడం మామూలే, మిగిలిన ఇనుము అది. ఎక్కువ పోస్తే త్వరగా రక్తం పడుతుందని మాత్రం అనుకోకూడదు. ఇనుము మితిమీరితే పసిబిడ్డ ప్రాణానికే ప్రమాదం. తల్లి ఇనుము మాత్రలు మిఠాయిల్లా ఉంటాయి, పాకే పిల్లకు అందే ఎత్తులో పెట్టకండి. రక్తం బాగా తగ్గిన బిడ్డకు మోతాదు వేరు, బరువు చూసి డాక్టరే చెప్పాలి.

ఆవుపాలు ఏడాది లోపు పూర్తిగా మానాలా అన్నదాని మీద పెద్దల్లోనే ఏకాభిప్రాయం లేదు. అమెరికా శిశువైద్యుల సంఘం ఏడాది దాకా ముఖ్యమైన పాలుగా వద్దంటుంది. తల్లిపాలు లేని బిడ్డకు ఆరు నెలలు దాటాక డబ్బాపాలైనా పశువుల పాలైనా ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. డబ్బా కొనలేని ఇళ్ళు లోకంలో ఎక్కువ కాబట్టి రెండో మాటలో న్యాయం ఉంది. అయితే ఆవుపాలు పోసే ఇంట్లో సిరప్పు, ఇనుమున్న తిండి రెండూ తప్పనిసరి అని నేను దానికి కలుపుతాను.

మా అక్క కూతురికి ఇప్పుడు పదమూడో నెల. నెలరోజుల మందుకు హిమోగ్లోబిన్ ఒకటిన్నర గ్రాములు పెరిగింది. రక్తం సరి అయ్యాక కూడా రెండు మూడు నెలలు మందు పోయాలి, ఖాళీ అయిన నిల్వ మళ్ళీ నిండడానికి. సున్నం జోలికి పోవడం ముందే ఆగింది. పెద్దమ్మ ఉగ్గులో నిమ్మరసం పిండుతోంది, కానీ 'జలుబు చేస్తే నీదే పూచీ' అని రోజూ నాతో అంటోంది.

మీ ఇళ్ళలో పాత ఉగ్గుగిన్నె ఉంటే, కంచుదైనా వెండిదైనా, ఒక్కరోజు కాలేజీకి తెండి. బొమ్మ వేసి వచ్చే సంచికలో పెడదాం. దాన్ని మీ ఇంట్లో ఏ పేరుతో పిలుస్తారో కూడా అడిగి రాసుకు రండి. మా వీధిలోనే మూడు పేర్లు దొరికాయి.